చాక్లెట్ చిప్ కుకీ రెసిపీ అడిగితే ఎవరికి ఏది పంపాలి?

మొన్న సంక్రాంతికి మా వదిన వాళ్ళింటికి ఒక డబ్బా చాక్లెట్ చిప్ కుకీలు చేసి పట్టుకెళ్ళా. అరిసెలు, జంతికల పక్కన పెడితే వీటినెవరు ముట్టుకుంటార్లే అనుకున్నా కానీ పిల్లలు సాయంత్రానికల్లా డబ్బా ఖాళీ చేసేశారు. ఇక మొదలు, రెసిపీ పంపు రెసిపీ పంపు అని. సరే అని నేను ఉన్నది ఉన్నట్టు నా పాత నోట్‌బుక్ పేజీ ఫొటో తీసి ఫ్యామిలీ గ్రూప్‌లో పడేశా. వారం తిరక్కుండా కంప్లైంట్లు. వదినకి ట్రే మొత్తం ఒకటే పెద్ద అప్పడంలా పరుచుకుపోయిందంట, వైజాగ్‌లో పిన్నికి కొరికితే పన్ను కదిలేలా వచ్చాయంట, మా అత్తయ్యగారు గుడ్డు అన్న మాట కనపడగానే ఫోన్ పక్కన పెట్టేశారు, డాలస్‌లో ఉన్న మా అక్క కూతురు మాత్రం సూపర్ పిన్నీ అని ఫొటో పెట్టింది. పేజీ ఒకటే, నలుగురికి నాలుగు రకాలు.

దానికైతే బాగా రావడంలో వింతేం లేదు, ఆ రెసిపీ నేను న్యూజెర్సీలో ఉన్నప్పుడు రాసుకున్నది. అక్కడి బటర్, అక్కడి పిండి, అక్కడి ఓవెన్. నేను ఇండియా తిరిగొచ్చాక మొదటిసారి హైదరాబాద్‌లో మే నెలలో చేసినప్పుడు నాకూ సరిగ్గా వదినకి అయినట్టే అయ్యింది, పైగా ఉప్పు బటర్ వాడి మళ్ళీ రెసిపీలో ఉంది కదా అని ఇంకో టీస్పూన్ ఉప్పు కూడా వేశా, మా ఆయన ఒక ముక్క నోట్లో పెట్టుకుని ఏం మాట్లాడకుండా మంచినీళ్ళు తాగాడు. అది మర్చిపోయి మళ్ళీ అదే పేజీ అందరికీ పంపడం నా తెలివి.

అందుకే ఇప్పుడు ఎవరైనా అడిగితే ముందు నేనే నాలుగు ప్రశ్నలు అడుగుతున్నా: గుడ్డు తింటారా, కిచెన్ స్కేల్ ఉందా, ఎప్పటికి కావాలి, ఎన్ని రోజులు నిలవుండాలి. వీటికి వచ్చే జవాబుని బట్టి నా దగ్గర ఉన్న నాలుగింట్లో ఒకటి పంపుతా. అందరికీ కుదిరే బెస్ట్ రెసిపీ అంటూ ఒకటి లేదు, ఎవరైనా ఉందంటే వాళ్ళకి ఉన్నది ఒకటే ఓవెన్ అని అర్థం.

మొదటిది అన్నిటికీ అమ్మమ్మ లాంటిది, టోల్ హౌస్ రెసిపీ. అమెరికాలో నెస్లే చిప్స్ ప్యాకెట్ వెనకాల ఉంటుంది. మసాచుసెట్స్‌లో విట్‌మన్ అనే ఊళ్ళో టోల్ హౌస్ ఇన్ అని ఒక హోటల్ నడిపిన రూత్ వేక్‌ఫీల్డ్ 1930ల్లో చేసింది ఇది. చాక్లెట్ కరిగి పిండిలో కలిసిపోతుందనుకుని ముక్కలు వేస్తే కరగలేదు, అలా పొరపాటున పుట్టింది అని ఒక కథ బాగా తిరుగుతుంది కానీ ఆవిడ హోమ్ సైన్స్ చదువుకుని, టీచర్‌గా చేసిన మనిషి, వంట అంటే లెక్క ప్రకారం చేసే రకం, పొరపాటున అయ్యిందంటే నేనైతే నమ్మను. 1939లో ఆ రెసిపీ, పేరు వాడుకునే హక్కు నెస్లేకి వెళ్ళింది, అప్పట్నుంచి ప్యాకెట్ మీద ఉంది. 1997లో మసాచుసెట్స్ వాళ్ళు దీన్ని తమ రాష్ట్ర కుకీ అని కూడా ప్రకటించుకున్నారు, మనకి కాకినాడ కాజా ఎలాగో వాళ్ళకి అది.

ఒరిజినల్ లెక్క రెండుంపావు కప్పుల మైదా, ఒక కప్పు బటర్, ముప్పావు కప్పు పంచదార, ముప్పావు కప్పు నొక్కి కొలిచిన బ్రౌన్ షుగర్, 2 గుడ్లు, 2 కప్పుల చిప్స్, ఒక టీస్పూన్ సోడా, ఒక టీస్పూన్ ఉప్పు, ఒక టీస్పూన్ వెనిలా. ఈ "కప్పు" దగ్గరే సగం గొడవ. వాళ్ళ కప్పు 240 మిల్లీలీటర్లు లోపే, మన పిన్ని కప్పు అంటే కాఫీ కప్పు. ఒక కప్పు మైదా గుల్లగా పోస్తే 120 గ్రాములు, డబ్బాలో ముంచి అదిమి తీస్తే 150 దాటుతుంది, రెండు కప్పులకి ఆ తేడా వచ్చిందంటే కుకీ కాదు, రాయే. పిన్నికి జరిగింది సగం ఇదే.

అందుకని నేను దాన్ని మన 100 గ్రాముల బటర్ ప్యాకెట్‌కి సరిపడా మార్చుకున్నా. బటర్ 100 గ్రాములు, మైదా 140, పంచదార 65, బ్రౌన్ షుగర్ 70, గుడ్డు ఒకటి, సోడా అర టీస్పూన్, వెనిలా అర టీస్పూన్, చిప్స్ 150. ఒరిజినల్ నిష్పత్తి ప్రకారం మైదా 125 చాలు, కానీ మన వంటింటి వేడికి 15 గ్రాములు ఎక్కువ వేస్తే పరుచుకోదు. అమూల్ లాంటి మామూలు ఉప్పు బటర్ అయితే ఉప్పు అసలు వెయ్యొద్దు, అన్‌సాల్టెడ్ అయితేనే పావు టీస్పూన్. ఇంకోటి, మన పంచదార పలుకులు పెద్దవి, బటర్‌లో త్వరగా కరగవు, మిక్సీలో రెండు మూడు తిప్పులు తిప్పి వెయ్యండి, మరీ పౌడర్ చెయ్యొద్దు. బటర్, రెండు షుగర్లు తెల్లగా వచ్చేదాకా గిలక్కొట్టి, గుడ్డు, వెనిలా వేసి, పొడి పదార్థాలు కలిపి, చిప్స్ వేసి ఒక గంట ఫ్రిజ్‌లో పెట్టి, నిమ్మకాయంత ఉండలు చేసి 190 డిగ్రీల్లో 9 నుంచి 11 నిమిషాలు. పాతిక దాకా వస్తాయి.

అంచులు కరకర, మధ్యలో కొంచెం మెత్తన, పల్చగా, తియ్యగా ఉంటుంది. గంటన్నరలో అయిపోతుంది, రోజులు నిలవుంటుంది, పిల్లల టిఫిన్ డబ్బాకి, కొరియర్ చెయ్యడానికి ఇదే కరెక్ట్. మొదటిసారి చేసే ఎవరికైనా నేను ఇదే పంపుతా. రుచిలో గొప్ప అంటే మాత్రం అననండి, బాగుంటుంది అంతే.

రెండోది నిద్రపోయే పిండి. 2008లో న్యూయార్క్ టైమ్స్‌లో వచ్చింది, జాక్ టోరెస్ అనే చాక్లెట్ ఆయన రెసిపీ ఆధారంగా రాసింది, అమెరికాలో బేకింగ్ పిచ్చి ఉన్నవాళ్ళని ఎవర్ని అడిగినా దీని గురించి చెప్తారు. దీని అసలు సంగతి పిండి కలిపాక 24 నుంచి 36 గంటలు ఫ్రిజ్‌లో ఉంచడం. గుడ్డులోని తడి చిక్కగా ఉంటుంది కాబట్టి మైదాలోకి మెల్లగా ఇంకుతుంది, ఆ టైమ్ ఇస్తే పిండి గట్టిపడి, కాలాక రంగు ముదురుగా, రుచి కాస్త క్యారమెల్‌లా వస్తుంది. దోసె పిండి రాత్రంతా పెడితేనే రుచి అని మనకి ఎవరూ చెప్పక్కర్లేదు కదా, అక్కడ పులవడం, ఇక్కడ నానడం, ఓపిక మాత్రం ఒకటే. రూత్ వేక్‌ఫీల్డ్ కూడా పిండి రాత్రంతా చల్లగా ఉంచేదంట, ప్యాకెట్ మీద ఆ ముక్క ఎగిరిపోయింది.

దీన్లో సగం చేసుకుంటే బటర్ 140 గ్రాములు, పిండి 240, బ్రౌన్ షుగర్ 140, పంచదార 115, గుడ్డు ఒకటి, డార్క్ చాక్లెట్ 280, సోడా అర టీస్పూన్ పైన కాస్త, బేకింగ్ పౌడర్ ముప్పావు టీస్పూన్, వెనిలా ఒక టీస్పూన్. ఒరిజినల్‌లో కేక్ ఫ్లోర్, బ్రెడ్ ఫ్లోర్ రెండూ సగం సగం కలుపుతారు, నేను మొత్తం మైదానే వేస్తా, తేడా మా ఇంట్లో ఎవరూ కనిపెట్టలేదు. ఉండ ఒక్కోటి 100 గ్రాములు, అంటే పెద్ద నిమ్మకాయ కాదు, చిన్న బత్తాయి. 175 డిగ్రీల్లో 18 నుంచి 20 నిమిషాలు, పైన చిటికెడు రాళ్ళుప్పు నలిపి చల్లాలి. చిన్న ఓటీజీలో (గట్టు మీద పెట్టుకునే కరెంటు ఓవెన్) నాలుగు కంటే పట్టవు, అది తెలుసుకుని దిగండి. 60 గ్రాముల ఉండలు చేస్తే 14 నిమిషాలు చాలు, నేను అలాగే చేస్తా.

ఎవరికి పంపాలి అంటే, ప్లాన్ చేసుకునే వాళ్ళకి. శనివారం పార్టీ అని గురువారం గుర్తొచ్చే వాళ్ళకి. సాయంత్రం చుట్టాలొస్తున్నారు అని మధ్యాహ్నం మూడింటికి ఫోన్ చేసే మా వదిన లాంటి వాళ్ళకి దీన్ని పంపితే సగంలో మనల్ని తిట్టుకుంటారు.

మూడోది నా ఫేవరెట్, ముందే చెప్పేస్తున్నా కాబట్టి ఇక్కడ నా తీర్పు నమ్మాలో లేదో మీ ఇష్టం. బ్రౌన్ బటర్ కుకీ. అమెరికాలో ఇదేదో పెద్ద టెక్నిక్ అన్నట్టు వీడియోల మీద వీడియోలు చూశా, మొదటిసారి చేస్తుంటే నవ్వొచ్చింది, మనం వెన్న కాచి నెయ్యి చెయ్యడమే కదండీ ఇది! తేడా ఒక్కటే, మనం నెయ్యి వడకట్టుకుని అడుగున మిగిలిన గోధుమ రంగు మడ్డి పక్కన పెడతాం, వాళ్ళు ఆ మడ్డి కోసమే ఇదంతా చేస్తారు. చిన్నప్పుడు అమ్మ నెయ్యి కాచిన గిన్నెలో వేడన్నం వేసి కలిపి ముద్దలు పెట్టేది చూడండి, ఆ రుచి కుకీలో ఉంటే ఎలా ఉంటుందో అదీ.

మందపాటి గిన్నెలో, లోపల తెల్లగా ఉండే స్టీల్ గిన్నె అయితే మంచిది, నల్ల నాన్‌స్టిక్‌లో రంగు తెలియదు, 100 గ్రాముల బటర్ సన్నటి మంట మీద పెట్టండి. ముందు కరుగుతుంది, తర్వాత చిటపట మొదలవుతుంది, అది బటర్‌లో ఉన్న నీళ్ళు ఇగిరిపోతున్న చప్పుడు. ఆ చప్పుడు ఉన్నంతసేపు మీకు భయం లేదు. చప్పుడు తగ్గి, ఉన్నట్టుండి తెల్లటి నురగ పైకి లేస్తుంది, అప్పుడు ఫోన్ మోగినా ఎత్తొద్దు. నురగ పక్కకి తోసి చూస్తే అడుగున చిన్న చిన్న నలకలు బంగారు రంగులోకి తిరుగుతుంటాయి, నెయ్యి వాసన దాటి వేయించిన జీడిపప్పు వాసన వస్తుంది, అంతే, వెంటనే ఇంకో గిన్నెలోకి మొత్తం వంచెయ్యాలి, నలకలతో సహా గోకి మరీ. స్టవ్ ఆపి అదే గిన్నెలో వదిలేస్తే ఆ వేడికే అర నిమిషంలో నల్లబడి చేదెక్కుతుంది, నాకు రెండుసార్లు జరిగింది.

తూచి చూస్తే 100 గ్రాములు 82, 83కి వస్తుంది, పోయిందంతా నీళ్ళే. అందుకే ఒక టేబుల్‌స్పూన్ పాలు పోసి ఆ లోటు పూడ్చాలి, చాలా రెసిపీల్లో ఈ ముక్క చెప్పరు, పొడిపొడిగా వచ్చిందని జనం ఏడుస్తారు. చల్లారాక బ్రౌన్ షుగర్ 100, పంచదార 40, గుడ్డు ఒకటి, మైదా 140, సోడా అర టీస్పూన్, తరిగిన డార్క్ చాక్లెట్ 120. మిషన్ అక్కర్లేదు, గరిటెతో కలిపితే చాలు. కనీసం గంట ఫ్రిజ్, తర్వాత 175 డిగ్రీల్లో 11, 12 నిమిషాలు. ఉప్పు బటర్ కాస్తే ఉప్పు ఎక్కువవుతుందా అని మా అక్క కూతురు అడిగింది, బటర్‌లో ఉన్న ఉప్పు ఎక్కడికీ పోదు కానీ ఎక్కువా కాదు, విడిగా వెయ్యకుండా ఉంటే సరిపోతుంది.

ఇది రోజూ నెయ్యి కాచే చేతులకి పంపండి. మా అమ్మకి జీవితంలో ఓవెన్ ముట్టిన అలవాటు లేదు, కానీ బటర్ కాచే స్టెప్ మాత్రం నాకంటే బాగా చేసింది, టైమర్ లేదు, థర్మామీటర్ లేదు, హాల్లో కూర్చుని వాసన చూసి "ఇక దించెయ్" అంది.

నాలుగోది గుడ్డు లేనిది. ఇక్కడ కొంచెం నిజం మాట్లాడుకోవాలి. గుడ్డు తీసేసి పెరుగు వేస్తే అదే కుకీ వస్తుంది అని చెప్పేవాళ్ళని నమ్మకండి. గుడ్డు తడి ఇస్తుంది, వేడికి గట్టిపడి పిండిని పట్టి ఉంచుతుంది, బటర్‌నీ నీళ్ళనీ కలిపి ఉంచుతుంది, మూడు పనులు చేసేదాన్ని తీసేసి ఒక్క చెంచా పెరుగు ఏం చేస్తుంది చెప్పండి. పెరుగు వేసిన రోజు కుకీ కేక్‌లా పొంగింది, నుసినుసిగా రాలింది. ఉత్త పాలతో చేస్తే నాన్‌ఖటాయీలా గుల్లగా వచ్చింది, అది కూడా బాగుంటుంది, ఛాయ్‌లోకి ఉస్మానియా బిస్కెట్ బదులు తినొచ్చు, కానీ సాగే గుణం రాదు. ఆ సాగుడు కావాలంటే కండెన్స్‌డ్ మిల్క్ ఒక్కటే నాకు పని చేసింది.

బటర్ 100, బ్రౌన్ షుగర్ 60, పంచదార 50, కండెన్స్‌డ్ మిల్క్ 2 టేబుల్‌స్పూన్లు, మైదా 160, కార్న్‌ఫ్లోర్ ఒక టేబుల్‌స్పూన్, బేకింగ్ పౌడర్ అర టీస్పూన్, సోడా పావు టీస్పూన్, చాక్లెట్ 120, పిండి ముద్దకి రాకపోతే పాలు ఒక చెంచా. ఇది తనంతట తాను పరుచుకోదు, ట్రేలో పెట్టాక అరచేత్తో కొంచెం నొక్కాలి. 170 డిగ్రీలు, 12, 13 నిమిషాలు. మా అత్తయ్యగారు తిని బాగుంది అనలేదు, ఇంకోటి తీసుకున్నారు.

ఈ నాలుగూ కాక ఇంకో రెండు అడుగుతుంటారు. ఒకటి న్యూయార్క్‌లో లెవైన్ బేకరీలో దొరికే లాంటి లావుపాటిది, ఒక్కోటి 6 ఔన్సులు, అంటే దగ్గరదగ్గర 170 గ్రాములు. ఇంట్లో ఓటీజీలో వద్దు, పైన మాడి లోపల పచ్చిగా ఉంటుంది. రెండోది గోధుమపిండి బెల్లం హెల్దీ వెర్షన్. మంచి బిస్కెట్టే, కాదనను, కానీ అందులో బటర్ అంతే ఉంటుంది, చాక్లెట్ అంతే ఉంటుంది, బెల్లం వేశాం కాబట్టి నాలుగు తినొచ్చు అనుకుంటేనే ప్రమాదం. బ్రౌన్ షుగర్ దొరక్కపోతే మాత్రం ముదురు రంగు బెల్లం పొడి అంతే బరువు వేసుకోవచ్చు. బ్రౌన్ షుగర్ అంటే మొలాసిస్ కలిపిన పంచదారే కదా, బెల్లంలో అది సహజంగానే ఉంటుంది. తెల్ల పంచదార బదులు కూడా బెల్లమే వేస్తే అంచు కరకరమనదు.

చాక్లెట్ విషయంలో డబ్బులు ఎక్కడ పెట్టాలి అంటే, టోల్ హౌస్ రకానికి మామూలు చిప్స్ చాలు, అవి వేడికి ఆకారం పోకుండా ఉండేలా చేసినవే. బ్రౌన్ బటర్, నిద్రపోయే పిండి రెండింటికీ మంచి డార్క్ బార్ కొని కత్తితో తరగండి, పెద్ద ముక్కలు చిన్న పొడి అన్నీ కలిసి, అక్కడక్కడా మడుగులు కట్టినట్టు కరుగుతుంది. కొనేటప్పుడు వెనక తిప్పి చూడండి, కోకో బటర్ అని ఉంటే చాక్లెట్, దాని బదులు వెజిటబుల్ ఫ్యాట్ అని ఉంటే కాంపౌండ్. కాంపౌండ్ చవక, కానీ చల్లారాక మైనంలా నాలుకకి అంటుకుంటుంది. దేశంలో కోకో ఎక్కువ పండేది మన ఆంధ్రాలోనే, గోదావరి జిల్లాల్లో కొబ్బరి తోటల్లో, ఆయిల్ పామ్ తోటల్లో అంతర పంటగా వేస్తారు, ఆ గింజలతో హైదరాబాద్‌లో "మనం చాక్లెట్" అనే కంపెనీ లాంటి వాళ్ళు బార్లు చేసి అమ్ముతున్నారు. రేటు ఎక్కువే, అందుకే పుట్టినరోజులకి మాత్రం.

ఓవెన్ లేదు, కుక్కర్‌లో అవుతుందా అంటే అవుతుంది. మందపాటి గిన్నెలో ఉప్పు పోసి స్టాండ్ పెట్టి మూతేసి పది నిమిషాలు వేడి చేసి ప్లేట్ పెట్టండి, కుక్కర్ అయితే గ్యాస్కెట్, వెయిట్ తీసెయ్యాలి. ఒక్కో వాయికి నాలుగైదు, పైన రంగు పెద్దగా రాదు. టోల్ హౌస్ లేదా గుడ్డు లేనిది మాత్రమే ఇలా చెయ్యండి.

ఏది చేసినా తీసే టైమ్ దగ్గరే చాలామంది తప్పుతారు. అంచులు బంగారు రంగుకి వచ్చి, మధ్యలో ఇంకా మెత్తగా, వేలితో తాకితే గుంట పడేలా ఉన్నప్పుడే తియ్యాలి. పచ్చిగా ఉంది ఇంకో ఐదు నిమిషాలు అనిపిస్తుంది, పిన్ని అలాగే అనుకుంది. ట్రే మీదే పది నిమిషాలు వదిలేస్తే ఆ వేడికే గట్టిపడతాయి. మెత్తటి రకాలు రెండు మూడు రోజులకి ఎండుతాయి, డబ్బాలో ఒక బ్రెడ్ ముక్క పడేస్తే దాని తడి లాక్కుని మెత్తగా ఉంటాయి. కరకరలాడే వాటి డబ్బాలో మాత్రం బ్రెడ్ పెట్టకండి, వైజాగ్ గాలికి అవి ఎలాగూ మెత్తబడుతున్నాయి, మనం సాయం చెయ్యక్కర్లేదు.

వదినకి ఈసారి బ్రౌన్ బటర్ రకం పంపా, గ్రాముల్లో, బటర్ ఏదో రాసి, చప్పుడు ఆగే దగ్గర వాయిస్ మెసేజ్ పెట్టి మరీ. ఒకేసారి ఉండలు చేసి ఫ్రీజర్‌లో పెట్టుకో వదినా, చుట్టాలొచ్చినప్పుడు గట్టిగా ఉన్నవే ఓవెన్‌లో పెట్టి రెండు నిమిషాలు ఎక్కువ ఉంచు, మూడింటికి ఫోన్ చెయ్యక్కర్లేదు అన్నా. ఆదివారం ఫొటో వచ్చింది, గుండ్రంగా, అంచులు ముదురుగా, నావాటికంటే బాగున్నాయి. కింద మెసేజ్, "అన్నీ బానే ఉన్నాయి గానీ, ఇంగువ వాసన ఎందుకొస్తోంది?" మూత గట్టిగా పెట్టమని రాయడం మర్చిపోయా.